శనివారపు సంత

ఇంగ్లండులోని టో లా అనే ఊరికి వెళ్తున్నానని చెప్పగానే ఆఫీసులో నా పక్క సీటాయన అడిగిన మొదటి ప్రశ్న చలికోటు ఉందా అని. న్యూకాజిల్ నుంచి ఆ ఊరికి కారులో ముప్పావు గంట ప్రయాణం. క్రూక్ అనే చిన్న పట్నం దాటాక రోడ్డు పైకి లేస్తుంది, పచ్చికబయళ్లలో చెట్లు పలచబడి రాతిగోడలు మిగులుతాయి, చివరికి పెనైన్ కొండల అంచున, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి అడుగుల ఎత్తులో, రెండు వేలకు అటూ ఇటూ జనాభా ఉన్న ఊరు కనిపిస్తుంది. 1840లలో ఇక్కడ ఇనుము కరిగించే కార్ఖానా పెట్టారు, దాని వెంటే బొగ్గు గనులు వచ్చాయి, ఆ రెంటి వల్లే ఊరు వెలిసింది. కొలుములు ఆరిపోయి నూరేళ్లు దాటింది. గనులూ లేవు. ఫుట్‌బాల్ మైదానం ఉన్న వీధికి మాత్రం ఐరన్‌వర్క్స్ రోడ్ అన్న పేరు మిగిలిపోయింది, 1890లో పుట్టిన టో లా టౌన్ అనే జట్టూ మిగిలింది.

సికింద్రాబాద్‌లో పెరిగి, తొమ్మిదేళ్లుగా ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న నేను ఇన్నాళ్లూ ఫుట్‌బాల్ అంటే టీవీలో చూసే ప్రీమియర్ లీగ్ అనే అనుకున్నాను. ఈ ఊరి మైదానం చూడటానికి వెళ్లింది కేవలం కుతూహలంతో. తిరిగి వస్తూ మన హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు చితికిపోయిందన్న పాత ప్రశ్నకు ఒక సమాధానం వెంట తెచ్చుకున్నాను. అది సరైనదో కాదో చదివినవాళ్లు చెప్పాలి.

గేటు దగ్గర ఒక మనిషి పట్టేంత సందు, అందులో తిరిగే ఇనుప కడ్డీ, అవతల చిన్న కిటికీ వెనుక టోపీ పెట్టుకున్న పెద్దాయన ఉన్నారు. డబ్బు తీసుకుని, టికెట్ చింపి ఇచ్చి, పక్కనున్న కాగితం మీద ఒక గీత గీశారు. నాలుగు నిలువు గీతలు, వాటి మీదుగా అయిదోది అడ్డంగా. మా తాతయ్య ధాన్యం బస్తాలు లెక్కపెట్టేటప్పుడు గోడ మీద బొగ్గుతో గీసినట్టే ఉంది. లోపలికి అడుగు పెట్టగానే ఒక పెద్దావిడ ప్లాస్టిక్ డబ్బా నా ముందుకు చాపింది. ఒక పౌండు వేస్తే మడిచిన చీటీ ఒకటి తీసుకోవచ్చు, అందులో ఒక నిమిషం రాసి ఉంటుంది, మొదటి గోల్ ఆ నిమిషంలో పడితే డబ్బులొస్తాయి. దీన్ని గోల్డెన్ గోల్ అంటారు. నాకు 27 వచ్చింది. చీటీల మీద మిగిలేది క్లబ్బు కరెంటు బిల్లుకు పోతుందని ఆవిడే చెప్పింది, అందులో దాచేదేమీ లేనట్టు.

టీ కొట్టు దగ్గర మాత్రం చిన్న గండం తప్పింది. చలికి చేతులు కొంకర్లు పోతుంటే ముందున్నాయన అందుకున్న పొగలు కక్కే గోధుమరంగు పానీయం చూసి నాకూ అదే ఇమ్మన్నాను. కప్పు నోటిదాకా తెచ్చాక వాసన తేడాగా ఉందనిపించి అడిగితే బోవ్రిల్ అన్నారు, అంటే గొడ్డుమాంసపు సారం వేడినీళ్లలో కలిపినది. ఆ కంపెనీవాళ్లు 2004లో అందులోంచి మాంసం తీసేసి 2006లో మళ్లీ చేర్చారన్న సంగతి తర్వాత చదివాను. ఆ రెండేళ్లలో వెళ్లి ఉంటే ఏ చిక్కూ లేకపోయేది. కప్పు పక్కాయనకు ఇచ్చేసి టీ తీసుకున్నాను.

ఈ స్థాయి ఆటను ఇక్కడ నాన్-లీగ్ అంటారు. పేరు విచిత్రం, ఎందుకంటే ఈ జట్లన్నీ లీగుల్లోనే ఆడతాయి. 1888లో మొదలైన ఫుట్‌బాల్ లీగ్‌నే లీగ్ అని పిలవడం అలవాటైపోయి, దానికి బయట ఉన్నదంతా నాన్-లీగ్ అయింది. ప్రీమియర్ లీగ్‌లో 20, దాని కింది మూడు డివిజన్లలో 24 చొప్పున 72, వెరసి పైన ఉన్నవి 92 క్లబ్బులు. అయిదో మెట్టు నుంచి కిందికి వందల కొద్దీ క్లబ్బులు ఒక పిరమిడ్‌లాగా పరుచుకుని ఉంటాయి. టో లా ఆడే నార్తర్న్ లీగ్‌లో రెండు డివిజన్లున్నాయి, అవి 9, 10వ మెట్లు. గెలిచినవాళ్లు ఒక మెట్టు ఎక్కుతారు, అట్టడుగున ఉన్నవాళ్లు ఒక మెట్టు దిగుతారు. పై చివర నుంచి కింది చివర దాకా తలుపు మూసి ఉన్న మెట్టు ఒక్కటీ లేదు.

ఆట గురించి నిజం చెప్పాలంటే, మొదటి అరగంట ఇరవై రెండు మందీ గాలితోనే ఆడారు. గోల్‌కీపర్ ఎత్తుగా కొట్టిన బంతి సగం దూరం వెళ్లి, ఆకాశంలో కాసేపు తటపటాయించి, కొట్టినవాడి వైపే తిరిగి వచ్చింది. మైదానం చుట్టూ నడుము ఎత్తు ఇనుప కమ్మీ, దాన్ని ఆనుకుని స్థానిక వ్యాపారుల బోర్డులు. వాటిల్లో అంత్యక్రియలు జరిపించే సంస్థది ఒకటి గోల్ వెనుకనే ఉండటం ఎవరి చమత్కారమో తెలియదు. లైన్స్‌మన్ నాకు ఎంత దగ్గరగా పరుగెత్తాడంటే అతని ఊపిరి వినిపించింది. ఒక డిఫెండర్ జారిపడి లేస్తూ తనను తాను తిట్టుకున్న మాటలు అక్షరం పొల్లుపోకుండా తెలిశాయి. మొదటి గోల్ 31వ నిమిషంలో పడింది, నా పౌండు కరెంటు బిల్లుకు పోయింది.

విరామం కాగానే కమ్మీ పట్టుకుని నిలబడిన జనంలో సగం మంది కదిలి, కుక్కలతో, టీ కప్పులతో, నింపాదిగా మైదానం చుట్టూ నడుస్తూ అవతలి గోల్ వెనక్కి చేరారు. తమ జట్టు ఏ వైపు దాడి చేస్తుందో ఆ గోల్ వెనుక నిలబడటం ఇక్కడి ఆనవాయితీ, రెండో సగంలో జట్లు దిక్కు మారుతాయి కనుక ప్రేక్షకులూ మారతారు. పెద్ద స్టేడియాల్లో సీటు నంబరు ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి ఎప్పుడో పోయింది. నాలుగు కాకముందే చీకటి పడి లైట్లు వేశారు, దూరాన గాలిమరల రెక్కలు కనిపించడం మానేశాయి. మైకులో ఆనాటి హాజరు చదివారు, నూరుకు అటూ ఇటూ ఉంది. గేటు దగ్గర పెద్దాయన గీసిన గీతల మొత్తం అన్నమాట. అందులో ఒక గీత నాది.

నా పక్కన నిలబడ్డాయన నన్ను ఎగాదిగా చూసి, ఆటగాళ్లను వెతికే మనిషివా, మైదానాలు చూస్తూ తిరిగే మనిషివా అని అడిగారు. ఒక్కో శనివారం ఒక్కో కొత్త మైదానం చూస్తూ, టికెట్లు, కార్యక్రమ పుస్తకాలు దాచుకుంటూ దేశమంతా తిరిగేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్లను గ్రౌండ్‌హాపర్లు అంటారు. రెండూ కాదన్నాక ఆయన ఊరి కథలు చెప్పడం మొదలుపెట్టారు. 1967లో చిన్నా పెద్దా క్లబ్బులు కలిసి ఆడే ఎఫ్ఏ కప్పులో మాన్స్‌ఫీల్డ్ టౌన్ అనే ప్రొఫెషనల్ జట్టు ఈ కొండెక్కి వచ్చి, మంచులో 5-1 తేడాతో ఓడి దిగిపోయింది. 1998లో ఎఫ్ఏ వాజ్ అనే చిన్న క్లబ్బుల కప్పు ఫైనల్ ఆడటానికి ఈ ఊరు ఊరంతా లండన్‌లోని వెంబ్లీ స్టేడియానికి వెళ్లింది, టివర్టన్ చేతిలో ఒక్క గోల్‌తో ఓడి వచ్చింది. వారమంతా సాసేజీల మసాలా తయారుచేసే కార్ఖానాలో పనిచేస్తూ శనివారాలు ఇక్కడ ఆడిన క్రిస్ వాడిల్‌ను 1980లో న్యూకాజిల్ యునైటెడ్ వెయ్యి పౌండ్లకు కొనుక్కుంది. అదే వాడిల్ 1989లో నలభై అయిదు లక్షల పౌండ్లకు ఫ్రాన్సులోని మార్సెయ్ జట్టుకు వెళ్లాడు, మరుసటి ఏడు ప్రపంచ కప్ సెమీఫైనల్లో పెనాల్టీని గోల్ కమ్మీ పైనుంచి బయటికి కొట్టాడు. చివరి మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఇంటి పిల్లవాడి తప్పును పరాయివాళ్ల ముందు ఒప్పుకునేటప్పటి ఇబ్బంది కనిపించింది.

ఆ కథ మధ్యలో సికింద్రాబాద్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటింది.

"బావా, ఆర్సెనల్ మ్యాచ్ చూస్తున్నావా? రెండో గోల్ చూశావా?"

"ఇక్కడ టీవీలో రాదురా. నేను వేరే మ్యాచ్‌లో ఉన్నా."

"ఇంగ్లండులో ఉండి ఇంగ్లండు మ్యాచ్ రాకపోవడమేంటి బావా?"

వాడి ఆశ్చర్యంలో న్యాయం ఉంది. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం నిషిద్ధం. 1960లలో బర్న్‌లీ క్లబ్బు అధ్యక్షుడు బాబ్ లార్డ్ పట్టుబట్టిన నియమం ఇది, ఇప్పుడు యూరప్ ఫుట్‌బాల్ సంఘం నిబంధనల్లో 48వది దానికి ఆధారం. పెద్ద జట్టు ఆట ఇంట్లో దొరికితే చిన్న జట్టు ఆటకు ఎవరూ వెళ్లరన్న భయంతో పెట్టారు. ఫలితంగా మూడింటికి మొదలయ్యే మ్యాచ్‌ను సికింద్రాబాద్ వాడు చలికాలంలో రాత్రి ఎనిమిదిన్నరకు సోఫాలో కూర్చుని చూడగలడు, ఆ స్టేడియం పక్క వీధిలో ఉండేవాడు చూడలేడు. దీన్ని ఎత్తేయాలనేవాళ్లు, టీవీ ఆపినంత మాత్రాన ఎవరూ టో లా కొండెక్కి రారని అంటారు. కొంతవరకు నిజమే, నా పక్క సీటాయన రాలేదు. కానీ ఈ నియమం చేసే పని మనుషులను తోలుకు రావడం కాదని నాకు ఆ సాయంత్రం అనిపించింది. ఒక రోజును, ఒక వేళను అందరికీ ఉమ్మడిగా అట్టిపెట్టడం దాని పని. అక్కడినుంచే నా ఆలోచన సంత మీదికి మళ్లింది.

మన ఊళ్లలో జనం గుమికూడే పద్ధతులు రెండున్నాయి, జాతర ఒకటి, సంత ఒకటి. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది, లక్షల మంది అడవిలోకి తరలివస్తారు, అమ్మవార్లు వనప్రవేశం చేశాక ఆ చోటు మళ్లీ చిన్న పల్లె అయిపోతుంది. సంత అలా కాదు. బుధవారం సంతకు పెద్ద పేరేమీ ఉండదు, ఫ్లెక్సీలుండవు. అమ్మేవాడు వస్తాడని కొనేవాడు, కొనేవాడు వస్తాడని అమ్మేవాడు వస్తారు, ఇద్దరినీ రప్పించేది ఆ వారం పేరు. హైదరాబాద్‌లో జుమేరాత్ బజార్‌కు గురువారమే పేరైంది. ఒక్క వారం తప్పినా పెద్ద నష్టం లేదు, కానీ వారం ఇదీ అన్న నమ్మకం పోతే మాత్రం సంత ఎత్తిపోతుంది.

మన ఆటలన్నీ జాతర పద్ధతిలోనివి. సంక్రాంతికి కబడ్డీ పోటీలు, తిరునాళ్లకు ఎడ్ల బలప్రదర్శన, వేసవిలో వాలీబాల్ టోర్నమెంటు, మొదటి బహుమతి ఇచ్చే దాత ఫోటో, రెండో బహుమతి ఇచ్చే దాత ఫోటో, మూడు రోజులు వేలల్లో జనం. నాలుగో రోజున గుంజలు పీకేస్తారు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ కూడా మొదట ఇలాగే ఉండేది. 1871-72లో మొదలైన ఎఫ్ఏ కప్పు మ్యాచ్‌లు, మిగిలిన వారాల్లో స్నేహపూర్వక ఆటలు, అంతే. కప్పులో ఓడిన జట్టుకు పనిలేదు, స్నేహపూర్వక ఆటకు వస్తామన్నవాళ్లు రాకపోతే మైదానం చుట్టూ చేరిన జనం తిట్టుకుంటూ ఇళ్లకు పోయేవారు. 1885లో ఆటగాళ్లకు జీతాలివ్వడం చట్టబద్ధమయ్యాక ఇది భరించలేని నష్టమైంది, ఎందుకంటే ఆట లేకపోయినా వారానికి వారం జీతం ఇవ్వాలి. ఆస్టన్ విల్లా కమిటీలో ఉన్న విలియం మెక్‌గ్రెగర్ అనే బట్టల కొట్టు యజమాని 1888 మార్చిలో కొన్ని క్లబ్బులకు ఉత్తరం రాశాడు. ఏడాది పొడుగునా ఎవరు ఎవరితో ఏ రోజు, ఎవరి మైదానంలో ఆడాలో ముందే రాసిపెట్టుకుని, ఏమైనా సరే ఆ రోజు ఆడి తీరుదామని ప్రతిపాదించాడు. పన్నెండు క్లబ్బులు ఒప్పుకున్నాయి. ఫుట్‌బాల్‌కు సంత పద్ధతి తెచ్చింది ఒక కొట్టు యజమాని కావడం నాకు యాదృచ్ఛికంగా తోచదు.

శనివారమే ఎందుకంటే, 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో శనివారం పని మధ్యాహ్నం రెండింటికి ఆపాలంది. రెండింటికి మిల్లు వదిలితే మూడింటికి మైదానం. మెక్‌గ్రెగర్ లీగు పుట్టిన మరుసటి ఏడే, 1889లో, ఈ ఈశాన్య ప్రాంతంలో నార్తర్న్ లీగ్ పుట్టింది. ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న ఫుట్‌బాల్ లీగుల్లో అది రెండో పాతది. టో లా కుర్రాళ్లు ఆడేది అందులోనే.

జాతర కీర్తి అన్నం పెట్టదనడానికి పక్క ఊరే సాక్ష్యం. ఇక్కడికి కొద్ది మైళ్లలో వెస్ట్ ఆక్లాండ్ అనే పల్లె ఉంది. 1909లో అక్కడి గని కార్మికుల జట్టు ఇటలీలోని ట్యూరిన్ వెళ్లి, టీ వ్యాపారి సర్ థామస్ లిప్టన్ పెట్టిన అంతర్జాతీయ కప్పు గెలిచింది. 1911లో మళ్లీ వెళ్లి, ఫైనల్లో యువెంటస్‌ను 6-1 తేడాతో ఓడించి కప్పును సొంతం చేసుకుంది. ఇంతటి విజయం తర్వాత ప్రయాణ ఖర్చుల అప్పు తీర్చలేక, ఆ కప్పునే ఊళ్లోని హోటల్ యజమానురాలి దగ్గర 40 పౌండ్లకు తాకట్టు పెట్టుకున్నారు. అది ఊరికి తిరిగి వచ్చేసరికి 1960 అయింది, 1994లో దొంగలెత్తుకుపోయారు, ఇప్పుడు ఉన్నది నకలు. యువెంటస్‌ను ఓడించిన ఆ క్లబ్బు ఇవాళ్టికీ బతికి ఉన్నదంటే దాన్ని నిలబెట్టినది నార్తర్న్ లీగులో వారం వారం వచ్చే గేటు డబ్బులే.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం సాబ్ శిక్షకుడిగా భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956లో, 1957లో గెలిచింది, ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో గెలిచింది. ఈ జాబితాను మనవాళ్లు ఎన్నోసార్లు నిట్టూరుస్తూ చెప్పుకున్నారు. నేను గమనించమనేది ఒక్కటే: ఇందులో ఉన్నవన్నీ టోర్నమెంట్లు.

నా వాదనకు ఇక్కడ ఒక అడ్డు ఉంది, దాన్ని దాటవేయను. హైదరాబాద్‌లో లీగు లేకపోలేదు, రహీం పేరు మీదే ఒకటి ఉంది. మరి సంత ఉండి కూడా ఎందుకు నిలవలేదు? ఆడిన జట్ల పేర్లు చూస్తే జవాబు దొరుకుతుందని నా అనుమానం. పోలీసులు, రైల్వే, సైన్యం, బ్యాంకులు, ప్రభుత్వ రంగ కంపెనీలు. ఆటగాడికి అవి ఉద్యోగం ఇచ్చాయి, ఎన్నో పేద ఇళ్లను నిలబెట్టాయి, ఆ మేలు తక్కువది కాదు. కానీ ముషీరాబాద్ వాడికో బొల్లారం వాడికో పోలీసు జట్టు మీద ఏ హక్కూ లేదు. టికెట్టు కొని చప్పట్లు కొట్టడమే తప్ప సభ్యత్వం లేదు, కమిటీ ఎన్నికల్లో ఓటు లేదు. క్రీడా కోటా ఉద్యోగాలు తగ్గితే, కంపెనీ మూతపడితే, జట్టు కూడా దస్త్రాల్లోనే ముగిసిపోతుంది. టో లాలో కార్ఖానా పోయినా జట్టు పోలేదు, ఎందుకంటే జట్టు కార్ఖానాది కాదు, ఊరిది.

కోల్‌కతాతో పోల్చి చూస్తే ఇది ఇంకా స్పష్టపడుతుంది. అక్కడి లీగు 1898 నుంచి నడుస్తోంది. 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ ఒక పేటకో, ఒక వలస జనానికో చెందిన క్లబ్బులుగా పుట్టి, సభ్యుల చందాలతో పెరిగాయి. మన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాక వెళ్లింది కోల్‌కతాకే, జీవితాంతం ఆ వైపే ఉండిపోయి 2023లో అక్కడే కన్నుమూశారు. ఆటగాళ్లను మనం కన్నాం, వాళ్లకు వారం వారం జనాన్ని చూపించిన ఊరు మాత్రం వేరు.

పోలీసు జట్టు కాలం పోయాక వచ్చినది ఫ్రాంచైజీ. పూణే జట్టు స్థానంలో 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి విజేత అయింది, 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. ఆరేళ్లలో రావడం, గెలవడం, పోవడం అయిపోయాయి. ఇంగ్లండులో కూడా ఇలాంటిది జరగకపోలేదు. లండన్‌లోని వింబుల్డన్ క్లబ్బును 2003లో మిల్టన్ కీన్స్‌కు తరలించారు. అయితే తరలిస్తారని తేలగానే, 2002లోనే, అభిమానులు ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్బు పెట్టుకుని చాలా కింది మెట్టు లీగులో చేరి, మెట్టు మెట్టు ఎక్కి 2011లో మళ్లీ పై 92లోకి వచ్చారు. వాళ్ల పట్టుదల గొప్పదే, కాదనను. కానీ చేరడానికి కింద ఒక లీగు, ఎక్కడానికి మెట్లు ముందే ఉన్నాయి. హైదరాబాద్ అభిమానికి అంత కోపమే వచ్చినా, ఆ కోపాన్ని పట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలి?

అందుకే చిన్న మైదానాల గురించి ఇంగ్లీషు పత్రికల్లో వచ్చే ముచ్చటైన రాతలు నాకు అంతగా రుచించవు. పాత కాలపు చెక్క బెంచీ, ఆవిరి కమ్మే టీ కప్పు, ప్రేమ, నిజాయితీ అంటూ రాస్తారు. ప్రేమ మన దగ్గర మాత్రం తక్కువా? ఈ మైదానాన్ని బతికిస్తున్నవి ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా అచ్చువేసిన పట్టిక, లెక్క తప్పని గేటు, వెంబ్లీ దాకా తెరిచి ఉన్న దారి. ఎఫ్ఏ కప్పులో ఏటా ఏడు వందలకు పైగా క్లబ్బులు ఆడతాయి. తొమ్మిదో మెట్టు నుంచి మొదలుపెట్టే జట్టు అసలైన మొదటి రౌండ్ చేరాలంటే ఆరు అర్హత మ్యాచ్‌లు గెలవాలి, అయినా చేరే దారి ఉంది. స్టాక్స్‌బ్రిడ్జ్ అనే ఉక్కు ఊరి జట్టులో వారానికి 30 పౌండ్లకు ఆడిన జేమీ వార్డీ 2016లో లెస్టర్‌తో ప్రీమియర్ లీగ్ గెలిచింది ఈ మెట్లెక్కే.

ఆ దారిని పైనుంచి నెమ్మదిగా ఇరుకు చేస్తున్నారన్నదే నా ఫిర్యాదు. 2005 జనవరిలో, అయిదో మెట్టులో అప్పుల్లో మునిగి ఉన్న ఎక్సెటర్ సిటీ, ఎఫ్ఏ కప్పులో మాంచెస్టర్ యునైటెడ్‌తో వాళ్ల మైదానంలోనే 0-0గా నిలిచింది. డ్రా అయితే రెండో మ్యాచ్ ఆడాలి కనుక తన ఊళ్లో మళ్లీ ఆడి 2-0తో ఓడింది, కానీ రెండు మ్యాచ్‌ల రాబడితో ఆ అభిమానుల క్లబ్బు ఒడ్డున పడింది. 2024-25 నుంచి అసలైన రౌండ్లలో ఆ రెండో మ్యాచ్‌ను ఎత్తేశారు. పెద్ద జట్ల ఆటగాళ్లు అలిసిపోతున్నారన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. అలసట నిజమే కావచ్చు, కానీ ఆ అలసట తెచ్చిపెట్టింది ఎక్సెటర్లు కాదు. అయిదో మెట్టులోని 24 క్లబ్బుల్లో ఏటా పైకి ఎక్కనిచ్చేది రెండింటినే, మూడింటిని ఎక్కనివ్వమని వాళ్లు అడుగుతూనే ఉన్నారు. 2025లో వచ్చిన ఫుట్‌బాల్ నియంత్రణ చట్టం పరిధి పై అయిదు మెట్లతో ఆగిపోతుంది, టో లా దాని చూపుకు ఆనదు.

ఇక్కడంతా సవ్యంగా ఉందని కూడా అనను. రిఫరీని ఆ మధ్యాహ్నం తిట్టిన తిట్లు మా కాలనీ క్రికెట్‌లో కూడా వినలేదు. కమ్మీ చుట్టూ నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు, పచ్చిక కత్తిరించేది, గీతలకు సున్నం వేసేది, టీ కాచేది జీతం లేని ఆ పెద్దవాళ్లే, వాళ్ల తర్వాత ఎవరన్నది అడిగితే నవ్వేసి ఊరుకున్నారు. గోధుమరంగు ముఖం నాదొక్కటే. ఎవరూ తేడాగా చూడలేదు, కానీ ఒక్కటే ఉండటం కూడా లెక్కలోకి తీసుకోవలసిన విషయమే.

మా బావమరిదికి ఇదంతా రాత్రి ఫోనులో చెబితే, "తొమ్మిదో మెట్టు ఆట మన దగ్గర ఎవడు చూస్తాడు బావా" అన్నాడు. సంక్రాంతి కబడ్డీకి వచ్చేవాళ్లు చూస్తారని నేనన్నాను. వాళ్లు పండక్కి వస్తారు, ప్రతి వారం రారన్నాడు. ప్రతి వారం ఉంటే కదా రావడానికి అన్నాను. వాడు ఒప్పుకోలేదు, సెల్ఫోనులోనే అన్నీ దొరికే రోజుల్లో మెక్‌గ్రెగర్ ఉత్తరం పనిచేయదన్నాడు. పనిచేయకపోవచ్చు కూడా. కానీ ఒక్క పట్నంలో, ఎనిమిది పేటల పేర్లతో ఎనిమిది క్లబ్బులు, సభ్యత్వ పుస్తకం, పది రూపాయల టికెట్టు, ఆదివారం సాయంత్రం నాలుగు గంటలు, వానొచ్చినా ఎన్నికలొచ్చినా మారని పట్టిక, ఇవి అయిదేళ్లు వరుసగా నడిపి చూశాక ఆ మాట అంటే నేను వింటాను. ఇంతవరకు మనం నడిపి చూసినవి బహుమతి ప్రదానోత్సవాలే.

ఆట 2-1తో ముగిసింది, ఊరివాళ్లే గెలిచారు. బయటికి వస్తుంటే గేటు దగ్గరి పెద్దాయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటూ, పోస్టుకార్డు అంత అట్ట ఒకటి ఇచ్చారు, ఏప్రిల్ దాకా మ్యాచ్‌ల పట్టిక. కారులో హీటర్ వేసుకుని చూశాను. వచ్చే శనివారం బయటి ఊళ్లో, ఆ పై శనివారం మళ్లీ ఇక్కడే, మూడింటికి. ఆ రోజు గేట్స్‌హెడ్‌లో స్నేహితుల ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఉంది. పదకొండింటికి మొదలుపెడతామన్నారు, అయిదు కథలూ అయి, ప్రసాదం, భోజనాలు ముగిసేసరికి ఒకటిన్నర అవుతుంది, పంతులుగారు ఆలస్యంగా రాకపోతే.